ప్రభుత్వ ఆసుపత్రి ఉద్యోగులకు సాలరీ ప్యాకేజింగ్: చైల్డ్‌కేర్ సబ్సిడీ తగ్గుతుందా? (ఆస్ట్రేలియా)

ప్రశ్న: మెల్‌బోర్న్ నర్సు

సభ్యులందరికీ నమస్కారం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కొంతకాలం పనిచేసిన తరువాత ఈ మధ్యనే మెల్‌బోర్న్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో రిజిస్టర్డ్ నర్సుగా చేరాను. చేరినప్పుడు ఇచ్చిన కాగితాలలో సాలరీ ప్యాకేజింగ్ దరఖాస్తు కూడా ఉంది. వార్డులో నాతో పనిచేసేవారిలో చాలామంది దానిని తీసుకున్నారు. ఇంటి అద్దెను పన్ను కోతకు ముందే జీతంలోంచి కట్టుకోవచ్చని, దానివల్ల ఏడాదికి మూడు వేల డాలర్లకు పైగా మిగులుతుందని వారు చెబుతున్నారు. పాత ఆసుపత్రిలో ఈ సౌకర్యం లేదు కనుక నాకు ఇది పూర్తిగా కొత్త.

నా జీతం అలవెన్సులతో కలిపి ఏడాదికి 90,000 డాలర్లు. మావారు ఐటీ ఉద్యోగి, ఆయనకు 1,10,000 డాలర్లు వస్తాయి. మాకు పర్మినెంట్ రెసిడెన్సీ ఉంది, అద్దె ఇంట్లో ఉంటున్నాం, మూడేళ్ల పాప చైల్డ్‌కేర్‌కు వెళ్తోంది, ఆ ఫీజులో కొంత ప్రభుత్వం సబ్సిడీగా ఇస్తోంది. ప్రభుత్వం ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో తీసుకుంటుందేమోనని మావారి అనుమానం. ఆయన స్నేహితుడి భార్యకు ప్యాకేజింగ్ వల్ల ఇన్‌కమ్ స్టేట్‌మెంట్‌లో (యజమాని ఇచ్చే ఏడాది జీతం వివరాలలో) 17,000 డాలర్లు విడిగా చూపించారట. అంత మొత్తం మా ఆదాయానికి కలిస్తే పాప సబ్సిడీ తగ్గుతుందని మా భయం. దీనికి తోడు ప్యాకేజింగ్ సంస్థ ప్రతినిధి ఎలక్ట్రిక్ కారు లీజు, సూపర్ (రిటైర్మెంట్ కోసం దాచే నిధి) కూడా కలిపి పెట్టుకోమని ఫోను చేస్తున్నారు. వీటిలో ఏది మంచిదో, ఏది కాదో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు: గీలాంగ్ వాసి

నమస్కారమమ్మా. ఒక ప్రభుత్వ ఆసుపత్రి పేరోల్ విభాగంలో చాలాకాలం పనిచేశాను కనుక కొంచెం విపులంగానే రాస్తాను. ముందుగా చెప్పవలసినది ఏమిటంటే, ఇది ఎవరో కనిపెట్టిన దొడ్డిదారి కాదు, చట్టంలోనే ఉన్న మినహాయింపు. మీరు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. అయితే దరఖాస్తు మీద సంతకం చేయడానికి ముందు చూసుకోవలసిన అంశం ఒకటి ఉంది, అది మీరు భయపడుతున్న చైల్డ్‌కేర్ సబ్సిడీ మాత్రం కాదు.

జీతంగా కాకుండా వేరే రూపంలో ఉద్యోగికి అందే ప్రయోజనాల మీద యజమాని కట్టవలసిన పన్నును ఫ్రింజ్ బెనిఫిట్స్ ట్యాక్స్ అంటారు. బాబ్ హాక్ ప్రభుత్వంలో పాల్ కీటింగ్ ట్రెజరర్‌గా, అంటే ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు, 1986లో ఇది వచ్చింది. దీని రేటు 47 శాతం, అంటే ఆదాయపు పన్నులో అన్నిటికంటే పై రేటు 45 శాతానికి మెడికేర్ లెవీ (ప్రభుత్వ వైద్య పథకం కోసం వసూలు చేసే పన్ను) 2 శాతం కలిపినంత. కాబట్టి మామూలు కంపెనీ మీ అద్దెను ప్యాకేజీలో పెడితే మీకు మిగిలేదానికన్నా కంపెనీకి పడే పన్నే ఎక్కువవుతుంది. లాభాపేక్షతో నడిచే ఆసుపత్రులు ఈ సౌకర్యం ఇవ్వకపోవడానికి కారణం అదే. ప్రభుత్వ ఆసుపత్రులు, లాభాపేక్ష లేని ఆసుపత్రులు, ప్రభుత్వ అంబులెన్స్ సేవలకు మాత్రం ఒక్కొక్క ఉద్యోగి మీద ఏడాదికి 17,000 డాలర్ల వరకు ఈ పన్ను నుంచి మినహాయింపు ఉంది. పేదలకు, వృద్ధులకు, వికలాంగులకు సేవచేసే ధార్మిక సంస్థలలో పబ్లిక్ బెనవలెంట్ ఇన్‌స్టిట్యూషన్‌గా నమోదైనవాటికి ఆ పరిమితి 30,000 డాలర్లు. మన తెలుగువారు చాలామంది వృద్ధాశ్రమాలలో పనిచేస్తున్నారు. వారు తమ సంస్థ అలా నమోదై ఉందో లేదో ఒకసారి కనుక్కోవడం మంచిది.

ఈ 17,000 అనేది మీ చేతికి అందే మొత్తం కాదు. 47 శాతం పన్ను కట్టే వ్యక్తికి చేతిలో 100 డాలర్లు మిగలాలంటే అతను 188.68 డాలర్లు సంపాదించాలి. చట్టం ప్రతి ప్రయోజనాన్నీ ఆ లెక్కన, అంటే 1.8868తో హెచ్చించి చూస్తుంది. 17,000ను ఆ సంఖ్యతో భాగిస్తే 9,010 వస్తుంది. మీరు నిజంగా ప్యాకేజీలో పెట్టుకోగలిగినది ఈ 9,010 డాలర్లు. ధార్మిక సంస్థల ఉద్యోగులకు ఇదే లెక్కన 15,900 వస్తుంది. ఇది కాక హోటల్ భోజనాలు, సెలవుల్లో బస వంటి వాటికి విడిగా 2,650 డాలర్ల పరిమితి ఉంది. అది నలుగురితో కూర్చుని తినే విందుకు వర్తిస్తుంది కానీ ఇంటికి తెచ్చుకునే సరుకులకు, పార్సిల్ భోజనానికి వర్తించదు. పాప పుట్టినరోజును రెస్టారెంట్లో చేస్తే ఆ బిల్లు దీనిలోకి వస్తుంది.

మీ జీతం 90,000 మీద ఈ రెండూ పూర్తిగా వాడుకుంటే 11,660 డాలర్లు పన్ను పరిధి నుంచి బయటికి పోయి, పన్ను వర్తించే ఆదాయం 78,340 అవుతుంది. మీరున్న శ్రేణిలో పన్ను 30 శాతం, లెవీ 2 శాతం కనుక ఆదా 3,731 డాలర్లు. అందులోంచి ప్యాకేజింగ్ సంస్థ తీసుకునే రుసుము పోతుంది, అది సంస్థను బట్టి మారుతుంది. ఆచరణలో 9,010ని 26 పక్షాలకు పంచి, ప్రతి జీతంలోంచి సుమారు 346 డాలర్లు పన్నుకు ముందే తీసి మీ అద్దె కోసమో, క్రెడిట్ కార్డు బాకీ కోసమో జమ చేస్తారు.  దీనికోసం విడిగా డబ్బు మదుపు చేయనవసరం లేదు, ఎలాగూ కట్టే అద్దెనే చూపిస్తాం.

ఇక మీ సందేహానికి వస్తాను. ఇన్‌కమ్ స్టేట్‌మెంట్‌లో మీరు పెట్టుకున్న 9,010 కాకుండా హెచ్చించిన మొత్తమే కనిపిస్తుంది, విందు భోజనాలు కూడా కలిపితే సుమారు 22,000. దాని మీద ఆదాయపు పన్ను పడదు. కానీ కొన్ని ఇతర లెక్కలలో దానిని ఆదాయంగా చూస్తారు. చైల్డ్‌కేర్ సబ్సిడీ, ఫ్యామిలీ ట్యాక్స్ బెనిఫిట్‌ల (పిల్లలున్న కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే సాయం) విషయంలో మాత్రం ప్రభుత్వ ఆసుపత్రి, ధార్మిక సంస్థల ఉద్యోగులకు ఆ మొత్తంలో 53 శాతమే లెక్కలోకి తీసుకుంటారు. 22,000లో 53 శాతం అంటే 11,660, అంటే మీరు జీతంలోంచి తీసినదే తిరిగి కలుస్తుంది. మీ కుటుంబ ఆదాయం వారి లెక్కలో ముందూ వెనుకా ఒకటే కనుక సబ్సిడీలో మార్పు ఉండదు. అయితే పన్ను రిటర్నులో ఈ మొత్తానికి రెండు గడులు ఉంటాయి: ఫ్రింజ్ బెనిఫిట్స్ ట్యాక్స్ చట్టం సెక్షన్ 57ఏ కింద మినహాయింపు ఉన్న యజమాని ఇచ్చినది ఒకటి, మిగతా యజమానులు ఇచ్చినది మరొకటి. తప్పు గడిలో పడితే 53 శాతానికి బదులు మొత్తం లెక్కకు వస్తుంది, అప్పుడు మీరు భయపడినట్టే సబ్సిడీ తగ్గుతుంది. రిటర్ను వేసేటప్పుడు ఆ ఒక్క వరుసను స్వయంగా సరిచూసుకోండి.

అసలు చూసుకోవలసినది మెడికేర్ లెవీ సర్‌ఛార్జ్, అంటే ప్రైవేటు హాస్పిటల్ కవర్ (ఆసుపత్రి ఖర్చుల బీమా) లేకుండా ఆదాయం ఒక హద్దు దాటినవారి మీద పడే అదనపు పన్ను. ప్రైవేటు హాస్పిటల్ కవర్ లేని కుటుంబాలకు 2025-26లో దీని హద్దు 2,02,000 డాలర్లు. ఒక్క పాపే కనుక మీకు ఈ హద్దే వర్తిస్తుంది. ఇప్పుడు మీ ఇద్దరి ఆదాయం 2,00,000, హద్దుకు లోపలే ఉన్నారు. ప్యాకేజింగ్ తీసుకుంటే ఈ లెక్కలో మీ ఆదాయం 78,340కి 22,000 కలిపి 1,00,340 అవుతుంది, కుటుంబానిది 2,10,340కి చేరి హద్దు దాటుతుంది. సర్‌ఛార్జ్ ఒక శాతం చొప్పున మీ మీద 1,003, మీవారి మీద 1,100, మొత్తం 2,103 డాలర్లు పడుతుంది. ఆదా అయిన 3,731లో సగానికి పైగా దానికే పోతుంది. హాస్పిటల్ కవర్ ఇప్పటికే ఉంటే ఈ బెడద లేదు. ఆ సంగతి మీరు రాయలేదు.

లీజు, సూపర్ గురించి మరొకరు రాస్తే బాగుంటుంది. మీరు ఒప్పుకునే ముందు ఒక్కటి అడగండి: యజమాని కట్టే 12 శాతం సూపర్, లాంగ్ సర్వీస్ లీవ్ (చాలా ఏళ్లు పనిచేసినవారికి జీతంతో ఇచ్చే సెలవు) ప్యాకేజింగ్‌కు ముందున్న పూర్తి జీతం మీదే లెక్కిస్తారని రాతపూర్వకంగా చెప్పించుకోండి.

జవాబు: మెల్‌బోర్న్ జూనియర్ డాక్టర్

గీలాంగ్ వాసి గారి వివరణకు కృతజ్ఞతలు. నేను ఇక్కడే చదువుకున్నాను కనుక నాకు హెల్ప్ రుణం (చదువు ఫీజుల కోసం ప్రభుత్వం ఇచ్చే అప్పు) ఉంది. మా వంటివారు గమనించవలసిన తేడా ఏమిటంటే, హెల్ప్ వాయిదాను నిర్ణయించేటప్పుడు 53 శాతం లెక్క వర్తించదు, హెచ్చించిన మొత్తమంతా ఆదాయంగానే చూస్తారు. 2025-26 నుంచి 67,000 డాలర్లు దాటిన ఆదాయం మీద, 1,25,000 వరకు, డాలరుకు 15 సెంట్ల చొప్పున తిరిగి కట్టాలి. ప్రశ్న వేసిన అక్కగారి జీతమే నాదైతే లెక్కకు వచ్చే ఆదాయం 90,000 నుంచి 1,00,340కి పెరిగి, వాయిదా 1,551 డాలర్లు ఎక్కువవుతుంది. అది పోయిన డబ్బు కాదు, నా అప్పే అంత తగ్గుతుంది. కానీ ముందుగా పేరోల్ వారికి చెప్పి ప్రతి జీతంలోంచి కొంత అదనంగా పట్టించుకోకపోతే రిటర్ను వేసినప్పుడు ఒక్కసారిగా పెద్ద బాకీ కనిపిస్తుంది. మా బ్యాచ్‌లో చాలామంది మొదటి ఏడాది దీనితోనే కంగారుపడ్డారు.

డాక్టర్లకు, ఆసుపత్రులు మారే నర్సులకు ఉపయోగపడే మరొక విషయం ఉంది. ఈ పరిమితి ఉద్యోగికి ఇంత అని కాకుండా, ఒక్కొక్క యజమాని దగ్గర ఒక్కొక్క ఉద్యోగికి ఇంత అని ఉంటుంది. దీని సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. మన విక్టోరియా రాష్ట్రంలో ఒక్కొక్క హెల్త్ సర్వీస్ (ప్రభుత్వ ఆసుపత్రులను నడిపే సంస్థ) విడి యజమాని. ఫిబ్రవరిలో మేము ఒక హెల్త్ సర్వీస్ నుంచి మరొకదానికి మారితే కొత్త యజమాని దగ్గర మార్చి 31 లోపు మరో 9,010 పూర్తిగా వాడుకోవచ్చు, ఏప్రిల్ 1 నుంచి మళ్ళీ కొత్త పరిమితి మొదలవుతుంది. అక్కగారూ, మీ పాత యజమాని దగ్గర మీరేమీ వాడలేదు, వాడినా దానితో సంబంధం లేదు. కాబట్టి మార్చి నెలాఖరులోగా ఎన్ని జీతాలు మిగిలి ఉంటే అన్నిటికి పంచి 9,010 మొత్తం పెట్టమని అడగండి. వాడని పరిమితి మరుసటి ఏడాదికి బదిలీ కాదు. మీరుగా అడగకపోతే పక్షానికి 346 చొప్పునే మొదలుపెట్టి మిగిలినది వదిలేసే అవకాశం ఉంది.

జవాబు: సిడ్నీ వాసి

విక్టోరియాలో ఉన్నవారు అదృష్టవంతులు. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వ ఆసుపత్రులలో చాలాకాలం పాటు ప్యాకేజింగ్ వల్ల వచ్చే పన్ను ఆదాలో సగం యజమానే ఉంచుకునే పద్ధతి నడిచింది. కేంద్రం ఇచ్చిన పన్ను రాయితీ రాత్రి డ్యూటీలు చేసే ఉద్యోగికి చేరకుండా రాష్ట్ర ఖజానాకు మళ్ళడం న్యాయమని నేను ఎన్నడూ అనుకోలేదు, కార్మిక సంఘాలు కూడా దీని మీద గట్టిగానే పోరాడుతూ వచ్చాయి. ఇక్కడ కొత్తగా చేరేవారు మెల్‌బోర్న్ లెక్కలను చూసి ఆశపడకుండా, ప్రస్తుతం తమ అవార్డు (జీతభత్యాల నిబంధనల పత్రం) ప్రకారం తమ వాటా ఎంతో కనుక్కుని ఆ మేరకే లెక్క వేసుకోవాలి.

జవాబు: అడిలైడ్ ఉపాధ్యాయుడు

ఈ చర్చ చదివి రేపు పేరోల్ వారిని అడగబోయే ఉపాధ్యాయులు, ప్రభుత్వ శాఖల ఉద్యోగులు కూడా ఉంటారు కనుక వారికోసం రాస్తున్నాను. ప్రభుత్వ ఉద్యోగం అయినంత మాత్రాన ఈ 9,010 రాదు. మినహాయింపు ఆసుపత్రులకు, అంబులెన్సులకు, ధార్మిక సంస్థలకు ఇచ్చినది. ప్రభుత్వ పాఠశాలకు, పన్నుల శాఖకు, రవాణా శాఖకు అది లేదు. ఎమర్జెన్సీ వార్డులో పనిచేసేవారికి ఈ సాయం అందుతున్నందుకు నాకు సంతోషమే, కానీ ఎడారి అంచు ఊళ్ళల్లో పాఠం చెప్పేవారికి కూడా ఇటువంటిది ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. మాకున్నవి ప్రధానంగా మూడు: జీతంలోంచి సూపర్‌కు అదనంగా పంపడం, నొవేటెడ్ లీజు (యజమాని మీ జీతంలోంచి వాయిదా కట్టే లీజు) మీద కారు, ముఖ్యంగా ఉద్యోగం పనికే వాడే ల్యాప్‌టాప్ వంటి పరికరాలు. ఆసుపత్రి ఉద్యోగులకు కూడా ఇవి తెలియడం అవసరం కనుక మొదటి రెండింటి గురించి చెబుతాను.

సూపర్‌కు పన్నుకు ముందు పంపే డబ్బు మీద ఫండ్‌లో 15 శాతం పన్ను పడుతుంది. మీ శ్రేణిలో 32 శాతం పోయేచోట 15 పోతే 17 శాతం మిగిలినట్టు. యజమాని కట్టేదానితో కలిపి 2025-26లో మొత్తం 30,000 డాలర్లు దాటకూడదు. అయితే మామూలుగా ఆ డబ్బు 60 ఏళ్ల వరకు చేతికి రాదు. ఇల్లు కొనాలనుకుంటున్న యువ దంపతులు ఈ సంగతి గట్టిగా ఆలోచించాలి. తాత్కాలిక వీసా మీద ఉండి, కొన్నేళ్ళకు ఇండియాకు తిరిగి వెళ్ళిపోవాలనుకునేవారికి నా సలహా ఇంకా కచ్చితమైనది: సూపర్‌కు అదనంగా పంపకండి. దేశం విడిచి వెళ్ళేటప్పుడు సూపర్ వెనక్కి తీసుకుంటే దాని మీద సాధారణంగా 35 శాతం పన్ను పట్టుకుంటారు. లోపలికి వెళ్ళేటప్పుడు 15, బయటికి వచ్చేటప్పుడు 35 పోతే ప్యాకేజింగ్ వల్ల మిగిలినదేమీ ఉండదు. అద్దెను ప్యాకేజీలో పెట్టడానికి మాత్రం తాత్కాలిక వీసా అడ్డు కాదు.

ఎలక్ట్రిక్ కారు విషయంలో, 2022 జూలై 1 నుంచి లగ్జరీ కారు పన్ను హద్దుకు లోపు ధర ఉన్న ఎలక్ట్రిక్ కార్లకు ఫ్రింజ్ బెనిఫిట్స్ ట్యాక్స్ లేదు. 2025-26లో ఆ హద్దు 91,387 డాలర్లు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లకు ఈ సౌకర్యం 2025 ఏప్రిల్ 1తో ఆగిపోయింది. ఇది 9,010 పరిమితిని తినదు, దానికి అదనంగా తీసుకోవచ్చు. ప్రతినిధి ఫోనులో ఇంతవరకే చెప్పి ఉంటారు. పన్ను లేకపోయినా ఆ కారు వల్ల మీకందే ప్రయోజనం విలువ కూడా ఇన్‌కమ్ స్టేట్‌మెంట్‌లో చేరుతుంది, గీలాంగ్ వాసి గారు చెప్పిన సర్‌ఛార్జ్ లెక్కలోకి వస్తుంది. అయిదేళ్ల లీజు ముగిశాక కారు ధరలో కనీసం 28.13 శాతం మిగులు విలువ కట్టి సొంతం చేసుకోవాలి, లేదా అమ్మి తీర్చాలి. ఎలక్ట్రిక్ కార్ల సెకండ్‌హ్యాండ్ ధర అప్పటికి ఎలా ఉంటుందన్నది మీ భారమే. మీరు ఉద్యోగం మానినా, జీతం లేని సెలవు పెట్టినా వాయిదా ఆగదు. ఎలాగూ కారు కొనవలసి ఉండి, దానిని బాగా నడిపేవారికి ఇది నిజంగా లాభం. పన్ను కోసమే కారు తీసుకోవడం మాత్రం మంచిది కాదు. లీజు సంస్థ వేసే వడ్డీ, బీమా రేట్లను బ్యాంకు కారు రుణంతో పక్కపక్కన పెట్టి చూడకుండా సంతకం చేయకండి.

ప్రశ్న అడిగినవారు: మెల్‌బోర్న్ నర్సు

ఇంత ఓపికగా రాసిన అందరికీ ధన్యవాదాలు. పాప సబ్సిడీ గురించి మనసు కుదుటపడింది. కారు మాకు ఒకటి ఉంది, బాగానే నడుస్తోంది కనుక లీజు ఆలోచన మానుకున్నాం. ఇల్లు కొన్నాకే సూపర్ సంగతి చూస్తాం. గీలాంగ్ వాసి గారూ, మాకు ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉంది కానీ అది పళ్ళకు, కళ్ళద్దాలకు మాత్రమే ఉపయోగపడే ఎక్స్‌ట్రాస్ పాలసీ. అది సరిపోతుందా? సరిపోకపోతే విందు భోజనాల భాగం వదిలేసి అద్దె ఒక్కటే పెట్టుకుంటే హద్దుకు లోపల ఉంటామా?

జవాబు: గీలాంగ్ వాసి

ఎక్స్‌ట్రాస్ పాలసీ సర్‌ఛార్జ్ నుంచి కాపాడదమ్మా. హాస్పిటల్ కవరే కావాలి, అది కూడా కుటుంబ పాలసీ అయితే ఎక్సెస్ (ఆసుపత్రిలో చేరినప్పుడు మీరే కట్టుకోవలసిన మొత్తం) 1,500 డాలర్లకు మించనిదై ఉండాలి. పాలసీలో మీరిద్దరూ, పాప ముగ్గురూ ఉండాలి. ఒక్కరికి తీసుకుంటే చాలదు.

విందు భోజనాలు వదిలేసినా హద్దు దాటుతారు. అద్దె 9,010 మాత్రమే పెడితే మీ పన్ను ఆదాయం 80,990, దానికి 17,000 కలిపితే 97,990, మీవారిది కలిపితే 2,07,990. హద్దు దాటినప్పుడు సర్‌ఛార్జ్ దాటిన భాగం మీద కాకుండా మొత్తం ఆదాయం మీద పడుతుంది. కాబట్టి కొంత తగ్గించడం వల్ల ప్రయోజనం లేదు. హద్దుకు లోపలే ఉండాలంటే పెట్టుకునే మొత్తాన్ని సుమారు 2,200 డాలర్లకు కుదించాలి, అప్పుడు ఆదా సుమారు ఏడు వందలే. అందువల్ల పూర్తిగా 11,660 పెట్టుకుని, మీ ముగ్గురికీ ఒక బేసిక్ హాస్పిటల్ కవర్ ఏడాదికి ఎంతవుతుందో కనుక్కోండి. అది 2,103 కన్నా తక్కువకు దొరికితే తీసుకోండి. ఎక్కువైతే పాలసీ అవసరం మీకు విడిగా ఉందా అన్నది ఆలోచించుకోండి, ఎందుకంటే సర్‌ఛార్జ్ కట్టినా సుమారు 1,600 డాలర్లు మీకు మిగులుతూనే ఉంటాయి.

సర్‌ఛార్జ్ లెక్క జూలై నుంచి జూన్ వరకు, కవర్ లేని రోజులకు మాత్రమే వేస్తారు. ప్యాకేజింగ్ లెక్క మార్చి 31తో ముగుస్తుంది, అప్పటిదాకా మీరు వాడినది ఆ జూన్‌తో ముగిసే ఏడాది రిటర్నులోకి వస్తుంది. కనుక ప్యాకేజింగ్ దరఖాస్తును ఈ వారమే ఇవ్వండి, పాలసీ తీసుకోదలిస్తే దానిని కూడా ఆలస్యం చేయకండి. దరఖాస్తుతో పాటు అద్దె ఒప్పందం ప్రతి, అద్దె కట్టే ఖాతా స్టేట్‌మెంట్ జతచేస్తే తదుపరి పక్షం జీతం నుంచే మొదలుపెట్టే వీలుంటుంది.